ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్ (1989 సినిమా)

ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్ 1989లో విడుదలైన అమెరికన్ ఫాంటసీ చిత్రం. కెనడా రచయిత డబ్ల్యు. పి. కిన్సెల్లా నవల 'షూలెస్ జో' (1982) ఆధారంగా ఫిల్ ఆల్డెన్ రాబిన్సన్ స్క్రీన్‌ప్లే రాసి దర్శకత్వం వహించారు. కెవిన్ కాస్ట్నర్, ఏమీ మాడిగన్, జేమ్స్ ఎర్ల్ జోన్స్, రే లియోటా, బర్ట్ లాంకాస్టర్ ప్రధాన పాత్రధారులు. పైకి ఇది బేస్‌బాల్ సినిమా. లోపల ఉన్నది మాత్రం, రాజీ పడకముందే తండ్రిని పోగొట్టుకున్న ఒక కొడుకు కథ. ఆట నియమాలు తెలియనివారు కూడా దీన్ని ఇష్టపడటానికి ముఖ్య కారణం అదే.

చారిత్రక నేపథ్యం

1919 వరల్డ్ సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ జట్టు సిన్సినాటి రెడ్స్ చేతిలో ఓడిపోయింది. జూదగాళ్ల డబ్బుకు ఆశపడి కావాలనే ఓడారని ఎనిమిది మంది చికాగో ఆటగాళ్లపై ఆరోపణలు వచ్చాయి. 1921లో జ్యూరీ నిర్దోషులని తేల్చినా, కమిషనర్ కెనిసా మౌంటెన్ లాండిస్ వారిని ఆట నుంచి శాశ్వతంగా బహిష్కరించారు. వారిలో ఒకరు, సినిమాలో పాత్రగా వచ్చే 'షూలెస్' జో జాక్సన్. ఆ సిరీస్‌లో ఆయన బ్యాటింగ్ సగటు .375. ఓడిపోవాలనుకున్నవాడు అలా ఆడతాడా అని ఆయన అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు. ఆయన 1951లో మరణించారు.

సినిమాలోని డాక్టర్ గ్రాహం కూడా కల్పిత వ్యక్తి కాదు. ఆర్చిబాల్డ్ 'మూన్‌లైట్' గ్రాహం 1905లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఒకే ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఫీల్డింగ్‌కు దిగారు. బ్యాటింగ్ చేసే అవకాశం రాలేదు. తర్వాత మిన్నెసోటా రాష్ట్రంలోని చిజమ్‌లో వైద్యుడిగా స్థిరపడ్డారు.

కథ

అయోవాలో వ్యవసాయం చేసుకునే రే కిన్సెల్లాకు మొక్కజొన్న చేలో ఒక గొంతు వినిపిస్తుంది. మైదానం కడితే ఒకరు వస్తారన్నది దాని సారాంశం. అప్పుల్లో ఉండి కూడా రే పంట కొట్టించి మైదానం వేస్తాడు. ఎప్పుడో చనిపోయిన జాక్సన్, ఆయన సహచరులు చేలోంచి నడిచివచ్చి ఆడతారు. ఆ గొంతు చెప్పినట్టే రే బోస్టన్ వెళ్లి, రాయడం మానేసిన రచయిత టెరెన్స్ మాన్‌ను వెంటబెట్టుకుని గ్రాహంను వెతుకుతాడు. రే తండ్రి జాక్సన్‌కు వీరాభిమాని. నేరస్థుడిని ఆరాధించే మనిషిని గౌరవించలేనని పదిహేడేళ్ల వయసులో అనేసి రే ఇల్లు వదిలి వెళ్లాడు. మళ్లీ మాట్లాడుకునేలోపే తండ్రి పోయాడు. రావలసినది ఎవరో చివరికి రేకు అర్థమవుతుంది.

నిర్మాణం

నవలలో రే వెతికి పట్టుకునేది జె. డి. శాలింజర్‌ను. సినిమాలో ఆ స్థానంలో టెరెన్స్ మాన్ అనే కల్పిత పాత్ర వచ్చింది. అయోవాలోని డయర్స్‌విల్ దగ్గర ఒక పొలంలో 1988 వేసవిలో షూటింగ్ జరిగింది. ఆ ఏడు తీవ్రమైన కరువు. మొక్కజొన్న ఎదగడానికి ప్రత్యేకంగా నీళ్లు పెట్టారు, ఎండిన గడ్డికి పచ్చరంగు కొట్టారు. చివరి దృశ్యంలో మైదానం వైపు బారులు తీరిన కార్లు స్థానికులవి. అవి కదులుతున్నట్టు కనిపించడానికి హెడ్‌లైట్లను డిమ్, బ్రైట్ మార్చి మార్చి వేయమన్నారు. సంగీతం జేమ్స్ హార్నర్‌ది. లాంకాస్టర్ నటించిన చివరి థియేటర్ చిత్రం ఇదే.

విడుదల, విమర్శలు

చిత్రం అమెరికాలో సుమారు 6.4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఉత్తమ చిత్రం, స్క్రీన్‌ప్లే, సంగీతం విభాగాల్లో ఆస్కార్‌కు నామినేట్ అయినా అవార్డు దక్కలేదు. 2017లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరింది. సెంటిమెంటు పాలు ఎక్కువైందని కొందరు విమర్శకులు అన్నారు. నల్లజాతివారిని మేజర్ లీగ్‌లోకి రానివ్వని కాలాన్ని అందంగా చూపిస్తూ, నల్లజాతివారు ఆడిన నీగ్రో లీగ్స్ ఆటగాళ్లను మైదానంలోకి తేలేదన్న విమర్శ మరింత బలమైనది. జాక్సన్ ఎడమచేతి బ్యాటర్ అయితే, లియోటా కుడిచేత్తో ఆడటం బేస్‌బాల్ అభిమానులకు మింగుడుపడలేదు.

ఆదరణకు కారణాలు

సినిమా ఏ అద్భుతానికీ వివరణ ఇవ్వదు. టైటిల్స్‌లో కూడా ఆ గొంతు ఎవరిదో చెప్పరు. పెద్ద గ్రాఫిక్స్ లేకుండానే మనుషులు చేలోంచి వచ్చి చేలోకి వెళ్లిపోతారు. అలాంటి కథను నమ్మించేది పాత్రలు చెల్లించే మూల్యం. హాట్‌డాగ్ గొంతులో అడ్డుపడి రే కూతురికి ఊపిరాడనప్పుడు, కుర్రవాడిగా ఆ మైదానానికి వచ్చి ఆడుతున్న గ్రాహం ఆట వదిలి మైదానం గీత దాటతాడు. దాటగానే ముసలి డాక్టరైపోతాడు. పాప బతుకుతుంది, అతనికి మాత్రం మళ్లీ ఆడే వీలుండదు.

ముగింపులో రే తండ్రిని బంతి ఆడదామా అని అడుగుతాడు. మొదట ఆ మాటలో 'డాడ్' అన్న పిలుపు లేదు. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులు ఆ లోటు ఎత్తిచూపడంతో డబ్బింగ్‌లో చేర్చారు.

సినిమా తర్వాత

షూటింగ్ అయ్యాక మైదానంలో కొంత భాగాన్ని దాని యజమాని అయిన రైతు మళ్లీ దున్ని మొక్కజొన్న వేశాడు. చూడటానికి జనం వస్తుండటంతో అది తిరిగి మైదానమైంది. 2021 ఆగస్టు 12న పక్కనే కట్టిన తాత్కాలిక స్టేడియంలో వైట్ సాక్స్ 9–8తో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించింది. అయోవాలో జరిగిన తొలి మేజర్ లీగ్ మ్యాచ్ అదే. 2025 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్, చనిపోయిన ఆటగాళ్లపై నిషేధం వర్తించదని నిర్ణయించింది. దాంతో జాక్సన్ పేరును బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు పరిశీలించడానికి ఉన్న అడ్డంకి తొలగింది.