మార్లవాయి నల్లమట్టి

సాంఘికశాస్త్రంలో నేలల పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ మా బడి పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. నల్లరేగడి నేల లావా నుంచి పుట్టిందని పుస్తకం చెబుతుంది. మా ఊరి చుట్టూ ఉన్నదంతా నల్లరేగడే. పత్తి, మిరప, శనగ పండేది అందులోనే. మరి మన దగ్గర అగ్నిపర్వతం ఎక్కడుంది సార్ అని అడుగుతారు. ఈ ప్రశ్నను నవ్వి వదిలేయకూడదు. దీని వెంట పోతే మన చరిత్రలో ఒక పెద్ద విషయం దగ్గరికి చేరతాం.

మన దగ్గర అగ్నిపర్వతం లేదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల నల్లనేలలు చాలావరకు లావా బిడ్డలు కావు. పల్నాడులో సున్నపురాయి, పలకరాయి అరిగి నల్లమట్టి అయింది. కొన్నిచోట్ల నైస్ రాయి అరిగింది. సముద్రం వైపు కృష్ణ తెచ్చిన ఒండ్రు ఉంది. రంగు ఒకటే, గుణం ఒకటే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దిగేంత బీటలు తీస్తుంది, తడిని చాలాకాలం దాచుకుంటుంది. తల్లిరాయి మాత్రం వేరు.

లావా నుంచి పుట్టిన నల్లమట్టిని చూడాలంటే ఉత్తర తెలంగాణ వెళ్ళాలి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి దక్కనులో నేల పగిలి లావా పైకి వచ్చి పారింది. ఒకసారి పారి గడ్డకట్టిన దాని మీద మళ్ళీ పారింది. అలా పొర మీద పొర పేరుకుని మహారాష్ట్రలో ఎక్కువ భాగాన్ని కప్పేసింది. దాని తూర్పు అంచు పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఆ కొండలు దూరం నుంచి మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అందుకే వాటికి మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ మాట నుంచి 'దక్కన్ ట్రాప్స్' అని పేరొచ్చింది. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి వైపు కూడా అదే కాలపు లావా రాయి ఉంది. అక్కడ దాన్ని పగలగొట్టి రోడ్లకు కంకర చేస్తున్నారు.

ఆదిలాబాద్ మెట్ట మీద జైనూరు మండలంలో, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, మార్లవాయి అనే రాజ్‌గోండుల ఊరు ఉంది. చిన్న ఊరే. మన పల్నాడు తండాల్లో ఏదో ఒకదాని పక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. అయినా మన దేశంలో ఆదివాసుల భూమి చరిత్ర రాసేవాళ్ళెవరూ ఆ పేరు దాటి పోలేరు.

ఆ మెట్ట మీద నేల అంతా ఒకలా ఉండదు. పైన రాళ్ళతో కూడిన పలచని మట్టి. పల్లంలో, వాగుల వెంట లోతైన నల్లమట్టి. గోండు రైతులు ఈ రెండింటినీ రెండు రకాలుగా వాడుకున్నారు. పైమట్టిలో వానకాలం పంట వేసి, కొన్నేళ్ళు దున్ని, సత్తువ తగ్గగానే బీడు వదిలేవాళ్ళు. ఆ బీడు మళ్ళీ కోలుకునేదాకా ఇంకోచోట దున్నేవాళ్ళు. పల్లపు నల్లమట్టిలో చలికాలపు జొన్న వేసేవాళ్ళు. నాగలి, ఎడ్లు, విత్తనం, పంచాంగం అన్నీ వాళ్ళకున్నాయి. పక్కన కొండల మీద కోలాములు పోడు కొట్టేవాళ్ళు. గోండులది మాత్రం ఎప్పటినుంచో నాగలి సేద్యం. 'ఆదివాసి అంటే అడవిలో కాయలు ఏరుకునేవాడు' అని ఇప్పటికీ అనే ఉపాధ్యాయ మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ బీడే వాళ్ళ కొంప ముంచింది. నిజాం ప్రభుత్వం రిజర్వు అడవులకు గీతలు గీసినప్పుడు, ఆ ఏడాది నాగలి కనపడని నేలనంతా అడవి కింద రాసేశారు. రైతు విశ్రాంతికి వదిలిన చేను అటవీశాఖ రికార్డులో అడవి అయింది. మరుసటి ఏడాది అదే రైతు అదే చేనులో నాగలి పెడితే నేరం. దున్నుతున్న భూమికైనా చాలామందికి పట్టా లేదు. సివాయి జమాబందీ కింద, అంటే పట్టా లేకుండా శిస్తు మాత్రం కడుతూ ఏళ్ళ తరబడి సాగు చేసేవాళ్ళు. పైనుంచి ఎవరైనా పట్టా రాయించుకొస్తే ఆ గోండు రైతు తన చేనులో తానే కూలి. ఎడ్లు మేపితే పుల్లరి. అటవీ ఉద్యోగికి లంచం వేరు. మన దగ్గర బంజరు దున్ని బి-మెమోలు అందుకున్న కుటుంబాలకు ఈ కథ కొత్తగా ఉండదు.

కుమురం భీం తిరుగుబాటు ఇక్కడి నుంచే పుట్టింది. ఆయన అడిగింది అడవి మీద, పశువుల మేత మీద, దున్నుకునే నేల మీద హక్కు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసులు ఆయన్ని, ఆయన వెంట ఉన్నవాళ్ళను కాల్చి చంపారు. ఆయన పాటలు, విగ్రహాలు మనకు తెలుసు. ఆ కాల్పుల తరువాత ఏం జరిగిందో మనవాళ్ళలో తక్కువమందికి తెలుసు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు అనిపించింది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆ సమయానికి హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాడు. 1909లో వియన్నాలో పుట్టినవాడు. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. యుద్ధం రావడంతో బ్రిటిష్ వాళ్ళకు శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోలేకపోయాడు. ఆయన మొదట పనిచేసింది మన నల్లమల చెంచుల మధ్యే. కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాద్ పెంటల్లో తిరిగి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తరువాత గోదావరి కొండరెడ్లు, ఆ తరువాత ఆదిలాబాద్ గోండులు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గడ్డి ఇల్లు వేసుకుని ఉన్నాడు. గోండుల మీద 1948లో వచ్చిన తన పుస్తకానికి ఉపశీర్షికలోనే వాళ్ళది దక్కను రైతు సంస్కృతి అని పెట్టాడు. వేటగాళ్ళనో అడవి జాతి అనో రాయలేదు, రైతులు అని రాశాడు. రెవెన్యూ కచేరీలో ఈ మాటకు చాలా విలువ ఉంది. రైతు అంటే భూమి ఉండాలి కదా.

తరువాత జరిగిన పట్టాల పంపిణీ మామూలు విషయం కాదు. లావుణీ పద్ధతి కింద 1940ల చివరికి ఆదిలాబాద్ జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలు ఆదివాసుల పేర రాశారు. పట్టాలు పదకొండు వేలు దాటాయి. ఇదంతా హైమన్‌డార్ఫ్ దయ అని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. నేను అలా అనుకోను. ఆయన నిజాయితీగా పనిచేశాడు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ జోడేఘాట్‌లో రక్తం కారకపోతే ఆయన్ని పిలిచేవాళ్ళే లేరు. పట్టా కాగితం మీద సంతకం అధికారిది. ఆ సంతకం పెట్టించింది మాత్రం చనిపోయినవాళ్ళు.

ఉపాధ్యాయుడిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మార్లవాయి బడి. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. నేను డిప్లొమా చదివిన శిక్షణ కళాశాలలో విద్యా చరిత్ర అంటే విదేశీ పండితుల పేర్లే. మార్లవాయి పేరు ఎవరూ ఎత్తలేదు. అక్కడ చేసింది చూడండి. అప్పటికి గోండుల్లో చదువుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అక్షరాలు వచ్చిన కొద్దిమంది యువకుల్ని పట్టుకుని, వాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ ఊళ్ళకే ఉపాధ్యాయులుగా పంపారు. గోండీ భాషలో వాచకాలు తయారుచేసి దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పిల్లవాడు మొదట తన ఇంటి మాటలో చదవడం నేర్చుకుని తరువాత వేరే భాషకు వెళ్ళేవాడు. అక్కడ చదువుకున్నవాళ్ళలో కొందరు ఊరి రెవెన్యూ పనుల్లోకి కూడా వెళ్ళారు. అంటే పట్టా వచ్చిన ఊళ్ళోనే ఆ పట్టా చదవగలిగినవాడు తయారయ్యాడు. ఈ రెండూ ఒకేసారి జరగడమే మార్లవాయిలో అసలు విశేషం. హైదరాబాద్ రాజ్యం పోయాక గోండీ బోధన నిలబడలేదు. మన ఎరుకల పిల్లలకు ఎరుకల భాషలో ఒక్క వాచకం అయినా ఉంటే ఒకటో తరగతిలో నోరు మూసుకుని కూర్చునే పిల్లలు కొందరైనా తగ్గేవారు.

ఇంచుమించు అదే తరంలో మన వైపు ఏం జరిగిందో కూడా చూడాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1910ల్లో ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు అనే అధికారి పేరు పెట్టారు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. అక్కడా భూమి ఇచ్చారు, బడి పెట్టారు. కానీ దాంతోపాటు హాజరు పట్టీ ఉంది. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఊరి పేరే మనది కాదు. ఒక ప్రభుత్వం తిరగబడినవాళ్ళకు భయపడి పట్టా ఇచ్చింది. ఇంకో ప్రభుత్వం మనల్ని పుట్టుకతో దొంగలని రాసుకుని కాపలా మధ్య నేల చూపించింది. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ఆ ముద్ర రద్దు కావడానికి చట్టం చాలలేదు.

ఇక మార్లవాయి చుట్టుపక్కల తరువాతి కథ పత్తి కథే. రోడ్లు పడ్డాయి, ధర పెరిగింది, నల్లమట్టి విలువ బయటివాళ్ళకు తెలిసింది. మహారాష్ట్ర నుంచి, తెలంగాణ మైదానాల నుంచి జనం వచ్చారు. మన కోస్తా జిల్లాల రైతులు కూడా వెళ్ళి నల్లభూములు కౌలుకు పట్టి పత్తి వేశారు. పురుగుమందు కొట్టడం, ఎరువు వేయడం మనవాళ్ళ దగ్గరే చూసి నేర్చుకున్న ఊళ్ళున్నాయి. అప్పు కూడా అలాగే నేర్చుకున్నారు. 1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన సంగతి మన పెద్దలకు గుర్తుంది. ఆ తరువాతైనా పత్తి ఆగలేదు, ఇంకా లోపలికి పోయింది. జొన్న పండినప్పుడు గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. పత్తికట్టె ఎద్దు తినదు. విత్తనం ఇంట్లో దాచుకునేది పోయి ప్రతి ఏడాది దుకాణంలో కొనేదైంది.

అయినా గోండుల చేతిలో ఒక ఆయుధం ఉంది. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టిపరిచారు. మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి లేదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గరైనా సరే. అందులో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మారకం కూడా. కౌలుకే కదా ఇచ్చాం అనుకునేవాళ్ళు ఈ మాట చదవాలి. ఆ నిబంధన వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, మన గుంటూరు జిల్లా మనిషే. చట్టం ఉన్నా భూములు పోతూనే ఉన్నాయి. 1970ల్లో తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ తాను చూస్తుండగా ఇచ్చిన పట్టా భూములు చేతులు మారడం చూసి బాధతో రాశాడు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంతరోజున ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో 13 మంది చనిపోయారు. జనం లెక్క అంతకంటే చాలా పెద్దది.

మార్లవాయిలో ఇప్పుడు ఎలిజబెత్ సమాధి ఉంది. ఆమె 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే అక్కడికి తెచ్చి పూడ్చారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికల్ని 2012లో ఆమె పక్కన ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరతారు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు కూడా ఈ ఊరివాడే. దీపావళికి నెమలీకల టోపీ పెట్టి దండారి ఆడే ఆ ఊళ్ళు, వేరే దిక్కులేక కాక, కాళ్ళ కింద కొంత నేల ఉండబట్టి ఆడుతున్నాయి. ఇది నా అభిప్రాయం.

మన మైదానంలో ఆ ఆయుధం లేదు. గుంటూరు, ప్రకాశం పాత జిల్లాల్లో ఒక్క ఊరూ షెడ్యూల్డు ప్రాంతంలో లేదు. నల్లమలలో కృష్ణకు ఆవల అమ్రాబాద్ చెంచుపెంట షెడ్యూల్డు ప్రాంతం. ఈవల యర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచుగూడెం కాదు. ఒకటే తెగ, ఒకటే అడవి, ఒకటే ఇంటిపేర్లు. హైదరాబాద్ రాజ్యానికీ మద్రాసు రాష్ట్రానికీ మధ్య సరిహద్దు నది కాబట్టి హక్కు నది దగ్గర ఆగిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం రెండు ఒడ్లకూ వర్తిస్తుంది. అది అడవిభూమికే. మిరపకోతకు కిందికి దిగివచ్చే చెంచు కుటుంబానికీ, వినుకొండ వైపు సుగాలి తండాకూ, కాలవగట్టు మీది యానాదులకూ రెవెన్యూ భూమిలో ఉన్న రక్షణ ఒక్కటే, 1977 నాటి అసైన్డు భూముల చట్టం. డి-ఫారం పట్టా భూమిని అమ్మడానికి, కొనడానికి వీల్లేదని అది చెప్పింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన భూమిపై అసలు పట్టాదారుకు అమ్ముకునే హక్కు కల్పించారు. ఇది మేలనేవాళ్ళు మనలో ఉన్నారు. ఆసుపత్రి ఖర్చుకు, పిల్ల పెళ్ళికి చేతిలో డబ్బు కావాలి కదా అంటారు. ఆ మాటా తీసిపారేయలేం. కానీ సవరణ సంగతి తండాలో పట్టాదారుకు తెలియకముందే కొనేవాడికి తెలుస్తోంది. మా తరగతిలో పదో తరగతి పిల్లల చేత ఇప్పుడు నేను చేయిస్తున్న పని ఇదొక్కటే. ఇంట్లో డి-ఫారం పట్టా ఉంటే తెచ్చుకుని, సర్వే నంబరు, విస్తీర్ణం, ఇచ్చిన సంవత్సరం నోట్‌బుక్కులో రాసుకుని, అడంగల్‌లో, 1బిలో ఎవరి పేరుందో సరిచూసుకుని రావడం. మొదటి ఏడాది తెచ్చినవాళ్ళలో కొందరి పట్టాలో తాత పేరుంది, అడంగల్‌లో వేరేవాళ్ళ పేరుంది.