పౌరసత్వం అడిగిన పదిహేను మంది

1996 ఫిబ్రవరి 5న ముంబై పోలీసులు నగరంలోని వ్యభిచార గృహాలపై పెద్దయెత్తున దాడులు జరిపారు. మైనర్ బాలికలను నిర్బంధించి వ్యభిచారం చేయిస్తున్న వైనాన్ని బొంబాయి హైకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించడం ఆ దాడులకు నేపథ్యం. బయటపడినవారు దాదాపు ఐదు వందల మంది. అందులో రెండు వందల మందికి పైగా నేపాల్ నుంచి వచ్చినవారే. పోలీసు రికార్డుల్లో ఆ కథ అక్కడితో ముగిసింది. ఆ బాలికల పోరాటం మాత్రం అక్కడే మొదలైంది.

విడిపించినవారిని నెలల తరబడి ప్రభుత్వ గృహాల్లో ఉంచారు. వారి వద్ద పౌరసత్వ పత్రాలు లేవు గనుక తమ దేశీయులుగా స్వీకరించడానికి నాటి నేపాల్ ప్రభుత్వం వెనుకాడింది. నేపాల్‌లో ఆ పత్రం పదహారేళ్లు నిండాక గాని ఇవ్వరు. అప్పట్లో ఆడపిల్లకైతే తండ్రో భర్తో వెంట వచ్చి ధ్రువీకరించవలసి ఉండేది. ఆ వయసు రాకముందే అమ్ముడుపోయిన పిల్ల చేతిలో ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి తోడు, వీరు హెచ్‌ఐవీని దేశంలోకి మోసుకొస్తారన్న భయం కాఠ్మాండూలో బాహాటంగానే వ్యక్తమైంది. చివరకు ఏడు స్వచ్ఛంద సంస్థలు పూనుకోవడంతో ఆ ఏడాది జూలైలో 128 మంది స్వదేశం చేరారు.

వారిలో పదిహేను మంది కలిసి ‘శక్తి సమూహ’ను ఏర్పరచుకున్నారు. అక్రమ రవాణా నుంచి బయటపడిన మహిళలు తామే స్థాపించి, తామే నడుపుకొంటున్న సంస్థ అది. అయితే దానిని రిజిస్టర్ చేయించడానికి వెళ్లినప్పుడు పాత అడ్డంకే మళ్లీ ఎదురైంది. సంస్థ నమోదుకు వ్యవస్థాపకుల పౌరసత్వ పత్రాలు కావాలి. అవి వారికి లేవు. దేశంలోకి రానివ్వడానికి అడ్డుపడిన కాగితమే దేశంలో నోరు విప్పడానికీ అడ్డుపడింది. పౌరసత్వం సంపాదించి, సంస్థను నమోదు చేయించుకునేసరికి 2000 సంవత్సరం వచ్చింది. అందుకే ఆ సంస్థ మొదటి రాజకీయ డిమాండ్ కుట్టుమిషనో, నెలసరి భృతో కాలేదు, పౌరసత్వం అయింది.

ఈలోగా వ్యవస్థాపకుల్లో ఒకరైన చరిమాయా తమాంగ్ 1997లో తనను అమ్మినవారిపై స్వయంగా కేసు పెట్టారు. అలా ముందుకొచ్చిన తొలి నేపాలీ మహిళ ఆమె. జిల్లా న్యాయస్థానం ఎనిమిది మందిని దోషులుగా తేల్చింది. అప్పటివరకు కేసు డైరీలో సాక్షిగా మాత్రమే కనిపించిన స్త్రీ, అక్కడ ఫిర్యాదిగా నిలబడింది. తరువాత అక్రమ రవాణా నిరోధానికి ప్రభుత్వం నియమించిన జాతీయ కమిటీలో బాధితుల ప్రతినిధిగా ఆమెకు స్థానం లభించింది. 2007లో నేపాల్ కొత్త చట్టం చేసుకుంది. 2013లో శక్తి సమూహకు రామన్ మెగసెసె పురస్కారం దక్కింది. ఆశ్రయం, మానసిక సాంత్వన, న్యాయ సహాయం, వృత్తి శిక్షణ అన్నవి ఇతర సంస్థలూ అందిస్తాయి. కొత్తగా ఇల్లు చేరిన అమ్మాయి ఎదుట, ఆ దారిలోనే నడిచి వచ్చిన మరో స్త్రీ కూర్చోవడం ఇక్కడి ప్రత్యేకత.

భారతదేశ చట్టం వేరే తోవలో పుట్టింది. 1950లో న్యూయార్క్‌లో సంతకమైన అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి 1956లో పార్లమెంటు చేసిన చట్టమే, 1986 సవరణతో నేటి అనైతిక వ్యాపార నిరోధక చట్టమైంది. అది వ్యభిచారాన్ని నేరుగా నేరమనదు. కాని 8వ సెక్షన్ విటులను పిలిచినందుకు స్త్రీని శిక్షిస్తుంది; 17వ సెక్షన్ విడిపించిన స్త్రీని ఏడాది నుంచి మూడేళ్ల వరకు రక్షణ గృహంలో ఉంచే అధికారం మేజిస్ట్రేటుకు ఇస్తుంది. రక్షణకూ నిర్బంధానికీ మధ్య ఉండవలసిన గీత అక్కడ చెరిగిపోయింది.

ముంబై దాడులు జరిగిన 1996లోనే హైదరాబాద్‌లో మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించారు. నిలువనీడ కోల్పోయిన స్త్రీల పిల్లలకు బడి నడపడంతో ‘ప్రజ్వల’ సంస్థ ఆరంభమైంది. సామూహిక అత్యాచారానికి గురై నిలదొక్కుకున్న సునీతా కృష్ణన్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ‘విముక్తి’ పేరుతో బాధిత మహిళలు సొంత వేదిక ఏర్పరచుకున్నారు. ఇటువంటి బృందాలు 2019లో జాతీయ స్థాయిలో ‘ఇల్ఫాట్’ వేదికగా కలిశాయి. గోడల మధ్య పునరావాసం వద్దు, సొంత ఊళ్లో, సొంతవారి మధ్య నిలదొక్కుకునే సాయం కావాలన్నది వాటి ప్రధాన డిమాండ్. 2018 జూలైలో లోక్‌సభ ఆమోదించిన అక్రమ రవాణా బిల్లు రాజ్యసభ గడప దాటకుండానే మరుసటి ఏడాది మురిగిపోయింది. 2021 నాటి ముసాయిదా ఇంకా చట్టం కాలేదు.

కోల్‌కతాలోని సోనాగాచిలో 1995లో ఏర్పడిన దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ మరో వాదన వినిపిస్తుంది. ఈ వృత్తిని వదిలిపెట్టడం కాదు, అందులో శ్రామికులుగా హక్కులు కావాలంటుంది. శక్తి సమూహ దారి అది కాదు. ఈ రెండింటికీ సయోధ్య కుదరకపోవచ్చు. అయినా తమ జీవితం గురించి తమను అడగకుండా చట్టం చేయవద్దన్న మాట మాత్రం రెండు చోట్లా ఒక్కటే. 2022 మే 19న సుప్రీంకోర్టు ఆ దిశగా ఒక అడుగు వేసింది. రక్షణ గృహాల్లో ఇష్టానికి విరుద్ధంగా ఉంచిన వయోజన మహిళలను గుర్తించి, నిర్ణీత కాలంలో విడుదల చేసేందుకు సర్వే జరపాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆ సర్వే ఎందరిని బయటికి తెచ్చిందో ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ శాసనసభకు చెప్పాలి. కొత్త బిల్లు రాసే కమిటీలో బయటపడిన మహిళలకు ఎన్ని కుర్చీలు వేస్తారో కేంద్రం చెప్పాలి. పౌరసత్వ పత్రాలైనా లేని పదిహేను మంది నేపాల్‌లో ఆ కుర్చీని సాధించుకున్నారు. అన్ని పత్రాలూ ఉన్న ఇక్కడి మహిళలు ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.