పింఛను ఎవరి కానుక?

2024 జూలై 1, సోమవారం. ఇంటి నుంచే పని కాబట్టి ఆ వారం మా ఊళ్ళోనే ఉన్నాను. రావులపాలేనికి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఊరు మాది. ఏడు కూడా కాకముందే వీధిలో హడావిడి. సచివాలయం అబ్బాయి ఫోనూ, వేలిముద్రల మిషనూ పట్టుకుని పింఛన్లు పంచుతున్నాడు. ఆ నెల స్పెషల్ ఏంటంటే పింఛను 3000 నుంచి 4000 అయింది, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి బకాయి మూడు వేలతో కలిపి చేతికి ఏడు వేలు.

మా వీధి చివర ఒక ముసలావిడ ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా చేలో ఊడ్పులకీ, కలుపులకీ, కోతలకీ వచ్చేది. ఆవిడ వేలు పెడుతోంది, మిషను ఒప్పుకోవట్లేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊహూ. కుడి చేతి వేళ్ళన్నీ అయిపోయి, ఎడం చేతి ఉంగరపు వేలు దగ్గర మిషను కనికరించింది. యాభై ఏళ్ళు బురదలో నారు గుచ్చిన వేళ్ళకి ముద్రలేం మిగులుతాయి చెప్పండి! ఇలాంటివాటికి సాఫ్ట్‌వేర్లు రాసేది మనలాంటి వాళ్ళమే కదా అని కొంచెం సిగ్గేసింది కూడా.

డబ్బు కళ్ళకద్దుకుని, అరుగు మీద కూర్చున్న మా తాతయ్యతో "దేవుళ్ళా ఇచ్చేడండి మేస్టారూ. ఆయన చల్లగుండాలండి" అంది. మా తాతయ్య హైస్కూలు మాస్టారుగా చేసి 1994లో రిటైరయ్యారు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను టింగుమంది. ఆయన పెన్షనూ పడింది. కళ్ళజోడు సవరించుకుని చూసుకుని, ఫోను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. అంతే! దణ్ణం లేదు, దీవెన లేదు.

ఒకే అరుగు, ఒకే తారీఖు, ఇద్దరికీ ప్రభుత్వం డబ్బే. ఒకరు దణ్ణం పెడుతున్నారు, ఇంకొకరు పెట్టక్కర్లేదు. ఎందుకలా? అని అడిగితే తాతయ్య నవ్వి "నాకు నకారా ఉన్నాడురా" అన్నారు.

ఈ నకారా పేరు చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఏటా డిసెంబరు 17న తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పెన్షనర్ల మీటింగుకని రాజమండ్రి బస్సెక్కేవారు. ఆ రోజు పెన్షనర్స్ డే. అది ఎవరి పుట్టినరోజో అనుకునేవాణ్ణి. కాదు, ఒక తీర్పు పుట్టినరోజు!

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు 1871లో పెన్షన్ల చట్టం చేశారు. అందులో 4, 6 సెక్షన్ల ప్రకారం ప్రభుత్వం ఇచ్చే పెన్షను గురించి సివిల్ కోర్టులో దావా వెయ్యాలంటే ముందు కలెక్టరు గారి సర్టిఫికెట్ ఉండాలి. అంటే, దొరవారు దయతలచి ఇస్తున్నారు, దయ మీద దావా ఏంటి అనే లెక్క అన్నమాట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆఫీసుల్లో ఈ బుద్ధి చాలాకాలం పోలేదు. 1971లో దేవకీనందన్ ప్రసాద్ అనే బీహారు ఉద్యోగి కేసులో, పెన్షను సర్కారు ఇష్టం మీద ఆధారపడే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది.

నకారా గారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరయ్యారు. 1979 మే నెలలో కేంద్రం పెన్షను లెక్కగట్టే పద్ధతి మార్చింది. అంతకుముందు చివరి 36 నెలల జీతం సగటు తీసేవాళ్ళు, దాన్ని 10 నెలలు చేశారు, గరిష్ఠ పరిమితి కూడా పెంచారు. జీతం ఏటా పెరుగుతుంది కాబట్టి 10 నెలల సగటుకి పెన్షను ఎక్కువొస్తుంది. బాగానే ఉంది కదా? మెలిక ఏంటంటే, ఇది 1979 మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైన వాళ్ళకే. మార్చి 30న రిటైరైతే పాత లెక్కే! ఒక్క రోజు తేడాతో బతికినంత కాలం తక్కువ పెన్షను. ప్రోగ్రాములో ఎవరో ఒక తేదీ హార్డ్‌కోడ్ చేసి పడేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం.

నకారా గారు, ఇంకో పెన్షనరు, 'కామన్ కాజ్' అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టుకెళ్ళారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. రాసింది జస్టిస్ డి.ఎ. దేశాయి. ధర్మాసనంలో మన తెలుగాయన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి కూడా ఉన్నారు. తీర్పు సారాంశం నా మాటల్లో: పెన్షను దానం కాదు. మనిషి ఓపికున్న రోజుల్లో చేసిన పనికి వాయిదా వేసి ఇచ్చే జీతం. ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకడానికి సమాజం చేసే ఏర్పాటు. పెన్షనర్లంతా ఒకే వర్గం, మధ్యలో ఒక తారీఖు గీత గీసి విడగొట్టడం కుదరదు.

ఈ తీర్పు వచ్చిన రెండు నెలలకే మన రాష్ట్రంలో ఇంకో గొడవ. 1983 ఫిబ్రవరిలో అప్పుడే వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించింది. ఫిబ్రవరి 28న ఒక్కసారిగా సుమారు 18 వేల మంది ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఇంటికెళ్ళారు. తాతయ్యకి అప్పటికింకా 47 ఏళ్ళే, కానీ ఆ కథ సినిమా చెప్పినట్టు చెప్తారు. పిల్లల పెళ్ళిళ్ళు కాలేదు, ఇంటి అప్పు తీరలేదు, సాయంత్రానికి మాజీ అయిపోయాం అని సీనియర్లు ఏడ్చారట. కోర్టుకెళ్తే 1985 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఉందంది. కానీ ఈలోపే 1984 ఆగస్టులో వయసు మళ్ళీ 58 చేశారు, మధ్యలో ఇంటికి పంపిన వాళ్ళని మాత్రం వదిలేశారు. మళ్ళీ తారీఖు గీత! 1985 ఆగస్టులో ఆ గీతని కొట్టేసిన తీర్పు రాసింది చిన్నపరెడ్డి గారే. ఇంకా 58 నిండటానికి టైమున్న వాళ్ళు చాలామంది తిరిగి ఉద్యోగాల్లో చేరారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తాతయ్య ఫోను టింగుమనడం వెనక నలభై యాభై ఏళ్ళ పోరాటం ఉంది. సంఘాలున్నాయి, వకీళ్ళున్నారు, తీర్పులున్నాయి. అందుకే ఆయనకి దణ్ణం పెట్టాల్సిన పని లేదు.

మరి ఆ ముసలావిడకి? రాజ్యాంగంలో 41వ అధికరణం ఉంది. వృద్ధాప్యంలో సాయం పొందే హక్కు కోసం రాజ్యం ఏర్పాట్లు చెయ్యాలి అంటుంది. కాకపోతే ముందే "ఆర్థిక స్తోమత మేరకు" అనే షరతుంది, పైగా అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అమలు చేయించుకోలేం. జర్మనీలో 1889లోనే బిస్మార్క్ కార్మికులకి వృద్ధాప్య బీమా పెట్టాడు. బ్రిటన్ 1908లో చట్టం చేసి, 70 నిండిన పేదలకి 1909 జనవరి 1 నుంచి వారానికి 5 షిల్లింగుల దాకా ఇచ్చింది. మన కేంద్రం దేశవ్యాప్తంగా వృద్ధాప్య పింఛను మొదలెట్టింది 1995 ఆగస్టు 15న, నెలకి 75 రూపాయలు! 2006లో దాన్ని 200 చేశారు. 79 ఏళ్ళ లోపు వాళ్ళకి కేంద్రం వాటా ఆ తర్వాత పెరగనే లేదు.

మిగతాది రాష్ట్రాల దయ. మన దగ్గర 2014 అక్టోబరులో 200 నుంచి 1000 అయింది, పేరు ఎన్టీఆర్ భరోసా. 2019 జనవరిలో 2000. ప్రభుత్వం మారి 2019 జూలైలో 2250, పేరు వైఎస్సార్ పెన్షన్ కానుక. 2024 జనవరికి 3000. మళ్ళీ ప్రభుత్వం మారి 4000, పేరు మళ్ళీ ఎన్టీఆర్ భరోసా. పెంచిన వాళ్ళందరికీ మంచి మార్కులే వెయ్యాలి, నేను ఏ పార్టీ వాణ్ణీ కాదు. నా బాధల్లా ఆ 'కానుక' అనే మాటతోనే. పెన్షను కానుక కాదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై ఏడేళ్ళ తర్వాత మనం పథకానికి ఏరికోరి అదే పేరు పెట్టుకున్నాం! పేరు 'భరోసా' అయినా సంగతి పెద్దగా మారదు. జీవోతో వచ్చింది జీవోతో పోగలదు.

అది ఎంత బలహీనమైన తాడో 2024 ఏప్రిల్‌లో చూశాం. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటికే తెచ్చిస్తున్నారు. ఎన్నికల వేళ వాలంటీర్లు పంచకూడదని మార్చి 30న ఎన్నికల సంఘం చెప్పింది. దాని న్యాయం దానికుండొచ్చు. పార్టీలు తప్పు మీదంటే మీదని తిట్టుకున్నాయి. ఎండలో సచివాలయాల ముందు కూర్చున్నది మాత్రం ముసలివాళ్ళు. నా తీరుబడి చూసి ఇస్తానంటే కానుక. టైముకి రావాల్సిందే, రాకపోతే అడుగుతా అనగలిగితే హక్కు.

"మాస్టారు ఉద్యోగం చేశారు, ఆవిడేం చేసింది? మన టాక్స్ డబ్బు పంచడమేగా?" ఆఫీసు క్యాంటీన్లో నా ఫ్రెండు అన్న మాటిది. మీలో కొందరూ అనుకుంటుండొచ్చు. లెక్క చూద్దాం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టాకి నీళ్ళొచ్చాయి. కానీ నీళ్ళొస్తే వరి దానంతటదే మొలవదు కదండీ. నారు ఎవరో నడుం వంచి నాటాలి. ఆ మిగులుతోనే రైసు మిల్లులు, సినిమా హాళ్ళు, ఇంజనీరింగు కాలేజీలు, అమెరికా టికెట్లు వచ్చాయి. నా నాలుగేళ్ళ ఫీజు మా చేను మీదొచ్చిన డబ్బే. ఆ చేను నాటిన ఆవిడకి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. వాయిదా వేసిన జీతమే పెన్షను అయితే, ఆవిడ జీతంలో వాయిదా పడ్డ భాగం ఎక్కడుందో తెలుసా? నా రెజ్యూమెలో ఉంది.

పోనీ మన సంగతి? పే స్లిప్ ఎప్పుడైనా సరిగ్గా చూశారా? కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్‌లో 8.33 శాతం పెన్షను ఖాతాకి వెళ్తుంది. 2014 నుంచి దానికి లెక్కలోకొచ్చే జీతం 15 వేలు, అంటే మామూలుగా నెలకి 1250 రూపాయలే. పెన్షను సూత్రం: జీతం గుణకారం సర్వీసు, భాగారం 70. మీ ప్యాకేజీ ఎంతైనా 35 ఏళ్ళు చేస్తే 15000 ఇంటూ 35 బై 70, నెలకి 7500. ధరలతో పాటు పెరగదు. 1995లో మొదలైన ఈ స్కీములో కనీస పెన్షను 2014లో 1000 చేశారు, అది చాలదని మిల్లుల్లో చేసి రిటైరైన వాళ్ళు ధర్నాలు చేస్తే మనం ట్రాఫిక్ జామని విసుక్కున్నాం. వాళ్ళు అడిగింది మన పెన్షను కోసం కూడా!

నేను కోరేది పెద్ద విప్లవమేం కాదు. వృద్ధాప్య పింఛనుకి ఒక చట్టం కావాలి. మొత్తం ధరల సూచీతో పాటు పెరగాలి, ఎవరి పేరూ ఉండకూడదు, వేలిముద్ర పడలేదని ఒక్క నెల కూడా ఆగకూడదు, ఆపితే అప్పీలుకి ఒక చోటుండాలి. అంతే.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చింది. అమ్మ దగ్గర తీసుకున్న చేబదులు 500 ఇచ్చేసి, "లెక్క సరిపోయిందాండి?" అంది. అమ్మ సరిపోయిందంది.

నాకైతే ఇంకా సరిపోలేదు. మీరేమంటారు?