గని దిగలేని రోజున

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి కార్మికవాడల్లో ‘అన్‌ఫిట్’ అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. నడుం దెబ్బతినో, పక్షవాతం వచ్చో మనిషి ఇక గని దిగలేడని మెడికల్ బోర్డు తేల్చేస్తుంది. ఆ తర్వాత ఆ ఇల్లు ఎలా గడవాలి? దీనికి సింగరేణి బొగ్గు గనుల్లో కాలానికొక జవాబు వచ్చింది.

1952 నాటి గనుల చట్టం, తర్వాతి సవరణలతో, భూగర్భ కార్మికుడికి పనిచేసిన ప్రతి 15 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు ఇచ్చింది. అదీ ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే. దీర్ఘకాలం జబ్బుపడి మస్టర్లు తగ్గినవాడికి ఆ సెలవే చేజారేది.

అసలు భరోసా జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల నుంచి వచ్చింది. కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా పనికి దూరమైనా ఇంట్లో ఒకరికి ఉద్యోగం. చనిపోయిన కార్మికుడి భార్యకు 45 ఏళ్లు నిండకపోతే ఉద్యోగమో, నెలనెలా భృతో కోరుకోవచ్చు. 12 ఏళ్లు దాటిన కొడుకుంటే ఉద్యోగం కోసం వేచి ఉండే వారసుల జాబితా అయిన లైవ్ రోస్టర్‌లో అతని పేరు రాసి, 18 నిండేదాకా తల్లికి భృతి ఇస్తారు. బడికి వెళ్లే పిల్లవాడి పేరు బొగ్గుగని రిజిస్టరుకెక్కడం మనసును కలచివేసే విషయమే. కానీ ఆ నెలసరి డబ్బే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది.

స్వచ్ఛందంగా తప్పుకొని కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకునే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది. తెలంగాణ రాకముందే అది ఆగిపోయింది. 2016 చివర్లో సింగరేణి దాన్ని మళ్లీ తెచ్చింది. కొడుకు, అల్లుడు, తమ్ముడు అర్హులన్నారు. మంచం పట్టిన తండ్రికి అన్నం తినిపించే కూతురికి ఆ జాబితాలో చోటు లేకపోవడం అన్యాయం. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆరోగ్యంతో నిమిత్తం లేకుండా ఉద్యోగాన్ని వారసత్వంగా ఇవ్వడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. దాంతో 2018 నుంచి దారి మళ్లీ మెడికల్ బోర్డు మీదుగానే సాగింది. బోర్డు కొత్తగూడెంలో. నడవలేని మనిషిని, ఎక్స్‌రేల కవరును వెంటబెట్టుకొని అంతదూరం వెళ్లాలి. ఎదురుచూపుల్లోనే వయసు మీరిపోయిన వారసుల కోసం 2024లో గరిష్ఠ పరిమితిని 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు.

ఇక ఇంట్లో జబ్బుపడినవారికి సేవ చేసేవాళ్ల సంగతి. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 90 రోజుల శిశు సంరక్షణ సెలవు మంజూరు చేసింది. పిల్లలకు 18 ఏళ్లు, వైకల్యం ఉన్నవారికి 22 ఏళ్లు వచ్చేదాకా వాడుకోవచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లో పాఠాలు చెప్పే తల్లులకు ఇది నిజమైన ఊరట. కానీ మంచంలో ఉన్న భర్తకోసమో, అత్తమామలకోసమో దీన్ని వాడుకోవడానికి లేదు, తండ్రులకు ఇది అసలే లేదు. అన్‌ఫిట్ అయిన తండ్రి స్థానంలో గనిలో చేరిన కొడుకైనా ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే తన సొంత సెలవు పెట్టుకోవాల్సిందే.