మినమాటా అఖాతం

జపాన్‌లోని క్యూషూ దీవికి పడమట, షిరనుయి సముద్రంలో ఒదిగిన చిన్న అఖాతం. కుమమోటో ప్రిఫెక్చర్‌లో ఉంది. ఎదుట దీవులు అడ్డుండటంతో కెరటాల జోరు తక్కువ, చేపలు గుడ్లు పెట్టడానికి అనువైన నీరు. ఒడ్డున జాలరి కుటుంబాలకు పూటపూటా చేపే కూర.

ఒడ్డునున్న మినమాటా ఊళ్ళో 1908లో మొదలైన రసాయన కర్మాగారం తర్వాతి కాలంలో చిస్సో పేరుతో ప్రసిద్ధమైంది. 1932 నుంచి అక్కడ పాదరస లవణం ఉత్ప్రేరకంగా అసిటాల్డిహైడ్ తయారుచేశారు. ఆ చర్యలో కొంత పాదరసం మిథైల్ పాదరసంగా మారేది. అది మురుగుతోపాటు హ్యక్కెన్ రేవు దగ్గర అఖాతంలో కలిసేది. ఇంత నీళ్ళలో ఎంత విషమైనా పలచబడిపోతుందని అనుకోవడం తేలిక. కానీ ప్లవకాల్లో చేరిన మిథైల్ పాదరసం వాటిని తిన్న చిన్న చేపలో పోగుపడింది, చిన్న చేపను తిన్న పెద్ద చేపలో మరింత పోగుపడింది. మాంసకృత్తులను పట్టుకుని ఉండే ఈ విషం కడిగితే పోదు, ఉడికిస్తే విరగదు.

ఆపద జాడలు మనుషుల కంటే ముందు నీళ్ళలో కనిపించాయి. 1950ల తొలినాళ్ళలో చేపలు చచ్చి తేలాయి. గుల్లలు నోళ్ళు తెరిచాయి. కాకులు ఎగురుతూనే రాలిపడ్డాయి. జాలరుల ఇళ్ళలో పిల్లులు నురగలు కక్కుతూ గిరగిరా తిరిగి, కొన్ని సముద్రంలో పడి చచ్చేవి. తర్వాత మనుషుల వంతు వచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మాట ముద్దయింది, చూపు ఇరుకైంది. 1956 మే 1న కర్మాగారం ఆసుపత్రి పెద్ద డాక్టర్ హోసొకవ హజిమె ఈ వింత జబ్బు గురించి స్థానిక ప్రజారోగ్య కార్యాలయానికి తెలియజేశారు. అంటువ్యాధి అనుకుని రోగుల ఇళ్ళలో మందు చల్లారు. రోగంతోపాటు వెలి కూడా ఆ కుటుంబాల మీద పడింది.

1958లో కంపెనీ మురుగును మినమాటా నది ముఖద్వారం వైపు మళ్ళించడంతో విషం షిరనుయి సముద్రమంతా పాకింది. మరుసటేడు జూలైలో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసమేనని ప్రకటించారు. అదే ఏడు హోసొకవ అసిటాల్డిహైడ్ మురుగు కలిపిన మేత పెట్టిన 400వ నంబరు పిల్లికి అక్టోబరులో సరిగ్గా ఆ జబ్బే వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటపెట్టలేదు. 1970లో, మరణశయ్య మీద నుంచి, ఆ డాక్టరే సాక్ష్యం చెప్పారు. అసిటాల్డిహైడ్ ఉత్పత్తి ఆగింది 1968 మేలో. ప్రభుత్వం కారణాన్ని అంగీకరించింది ఆ సెప్టెంబరులో. తెలిసి కూడా పోనిచ్చిన ఆ తొమ్మిదేళ్ళే ఈ చరిత్రలో క్షమించరానివి.

విషం మాయను దాటి గర్భంలోని బిడ్డను చేరుతుందని వైద్యులు మొదట నమ్మలేదు. తల్లికి పెద్దగా లక్షణాలుండవు, బిడ్డ మాత్రం మెడ నిలపలేదు. మన ఇళ్ళలో బొడ్డుపేగు తాయెత్తులో పెట్టి కట్టినట్టే, జపాన్ తల్లులు దాన్ని ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. డాక్టర్ హరడ మసజుమి ఆ పెట్టెలు తెరిపించారు. ఏళ్ళ కిందటి ఆ ఎండు ముక్కల్లో మిథైల్ పాదరసం దొరికింది.

1973లో కుమమోటో జిల్లా కోర్టు కంపెనీని దోషిగా తేల్చింది. ప్రభుత్వ బాధ్యతను సుప్రీంకోర్టు ఖాయపరచడానికి 2004 దాకా పట్టింది. అధికారికంగా గుర్తింపు పొందిన రోగుల మొత్తం సంఖ్య 2,200కు పైగా. గుర్తింపు దక్కనివారి సంఖ్య అంతకు ఎన్నో రెట్లు.

కలుషితమైన చేప బయటికి పోకుండా 1974లో అఖాతం మూతికి వల కట్టారు. 1977 నుంచి 1990 వరకు, సుమారు 4,850 కోట్ల యెన్ల ఖర్చుతో, పాదరసం 25 పీపీఎం దాటిన బురదను తోడి ఒక మూలకు చేర్చి, పైన మంచి మట్టి కప్పారు. అలా 58 హెక్టార్ల కొత్త నేల ఏర్పడింది. చేపలు తినదగినవని 1997లో గవర్నరు ప్రకటించాక వల తీసేశారు. పాదరసం వాడకాన్ని కట్టడిచేసే అంతర్జాతీయ ఒప్పందం 2013లో ఈ ఊరి పేరుతోనే కుదిరింది.

పూడ్చిన ఆ నేల ఇప్పుడు పచ్చని ఉద్యానం. పాదరసపు బురద దాని కిందే ఉంది. బాధితులూ వారి ఆప్తులూ చెక్కిన చిన్న చిన్న రాతి విగ్రహాలు ఆ గట్టున సముద్రంవైపు చూస్తూ నిలబడి ఉన్నాయి.