కూత లెక్క, పట్టు లెక్క: టైటాన్స్–తలైవాస్ పోరుకు ముందు గణాంకాలను చదవడమెలా

తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ జట్లు తలపడే ప్రతి సందర్భంలోనూ రెండు జట్ల బలాబలాలను సూచించే పట్టికలు వెలువడతాయి. వాటిలో పై వరుస ఎప్పుడూ రైడర్లదే. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారన్నదే అభిమానుల నోట ముందుగా వినిపిస్తుంది. ఆ ఒక్క వరుసను నమ్మినవారికి ప్రో కబడ్డీ లీగ్ పదో సీజన్‌లో టైటాన్స్‌కు ఎదురైన పరిస్థితి అంతుపట్టదు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను ఆ జట్టు 2.605 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. అతడు ఆ సీజన్‌లో 202 రైడ్ పాయింట్లు సాధించాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లలో రెండింటిలోనే గెలిచి, 12 జట్ల పట్టికలో అట్టడుగున నిలిచింది.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 2019లో 1.45 కోట్ల రూపాయలకు టైటాన్స్ గూటికి చేరిన సిద్ధార్థ్ దేశాయ్ ఏడో సీజన్‌లో 217 రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు స్థానం పదకొండు. ఆ ఏడాది చివరి స్థానం ఎవరిదంటే, రాహుల్ చౌదరి, అజయ్ ఠాకూర్, మన్‌జీత్ చిల్లర్ వంటి పేరున్న ఆటగాళ్లందరినీ ఒకచోట చేర్చిన తమిళ్ తలైవాస్‌దే. దక్షిణాది ప్రత్యర్థులు రెండూ ఒకే పాఠాన్ని ఒకే ఏడాది నేర్చుకున్నాయి.

దీనికి మూలం కబడ్డీలో పాయింటు పుట్టే తీరులోనే ఉంది. ఒక్కో జట్టుకు ఏడుగురు, ఒక్కో అర్ధభాగానికి 20 నిమిషాలు, ఒక్కో కూతకు 30 సెకన్లు. జట్లు వంతులవారీగా కూతకు వెళ్తాయి కాబట్టి మ్యాచ్ మొత్తంలో ఇరువైపులా రైడ్ల సంఖ్య ఇంచుమించు సమానం. పూర్తి సమయం వాడుకుంటే ఒక్కో జట్టుకు నలభై, త్వరగా ముగిస్తే మరికొన్ని. బాస్కెట్‌బాల్‌లో బంతి చేతికి చిక్కిన ప్రతిసారీ ఎన్ని పాయింట్లు వచ్చాయని లెక్కించినట్టే, కబడ్డీలోనూ రైడుకు సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది మొత్తం పాయింట్ల కన్నా నమ్మదగిన కొలత. పన్నెండు రైడ్లలో పది పాయింట్లు తెచ్చిన ఆటగాడిని, ఇరవై రైడ్లలో పది తెచ్చిన ఆటగాడిని పట్టిక ఒకే వరుసలో కూర్చోబెడుతుంది. రెండో ఆటగాడు ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగివచ్చాడో, ఎన్నిసార్లు పట్టుబడ్డాడో ఆ అంకె చెప్పదు.

పాయింట్లన్నీ ఒకే విలువ కలిగినవి కావు. డిఫెండర్‌ను తాకి వచ్చిన పాయింటు రెండు పనులు చేస్తుంది. ప్రత్యర్థిని బయటికి పంపుతుంది, తన జట్టులో బయట కూర్చున్న ఒకరిని తిరిగి లోపలికి తెస్తుంది. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటు ఈ రెండూ చేయదు. అది ఎదుటి జట్టులో కనీసం ఆరుగురు ఉన్నప్పుడే లభిస్తుంది, ఎవరినీ బయటికి పంపదు, ఎవరినీ లేపదు. రైడ్ పాయింట్ల పట్టికలో మాత్రం రెండూ ఒకటే. ప్రత్యర్థి జట్టు మొత్తాన్ని ఖాళీ చేసినందుకు వచ్చే ఆలౌట్ పాయింట్లు రెండూ మరో చిక్కు. వాటిని నియమావళి లోనా అంటుంది. అవి జట్టు ఖాతాలో చేరతాయి గాని ఏ రైడర్ పేరునా, ఏ డిఫెండర్ పేరునా నమోదు కావు. రెండు ఆలౌట్లు జరిగిన మ్యాచ్‌లో నాలుగు పాయింట్లు ఇలా వ్యక్తిగత గణాంకాలకు అందకుండా పోతాయి. 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో పన్నెండో సీజన్ ఆరంభ మ్యాచ్‌లో తలైవాస్ 38–35తో టైటాన్స్‌ను ఓడించింది. అక్కడ తేడా మూడే.

రక్షణ గణాంకాల వద్ద పొరపాటు మరింత తేలికగా జరుగుతుంది. ట్యాకిల్ పాయింట్లు ఎక్కువున్న డిఫెండర్ గొప్పవాడనుకోవడం సహజం. అయితే విఫలమైన పట్టు ఆ డిఫెండర్ పేరున రుణంగా పడదు, ఎదుటి రైడర్ పేరున లాభంగా పడుతుంది. ఉదాహరణకు పది పట్లు పట్టి నాలుగింటిలో నెగ్గిన ఆటగాడి పేరున నాలుగు పాయింట్లు కనిపిస్తాయి. మిగిలిన ఆరు ప్రయత్నాలలో ప్రత్యర్థికి కనీసం ఆరు పాయింట్లు దక్కాయన్నది అదే పట్టికలో కనిపించదు. ఆవేశంతో ముందుకురికిన డిఫెండర్‌కు తోడుగా మరో ఇద్దరు కూడా తాకిడికి గురైతే నష్టం ఇంకా పెద్దది. అందువల్ల ట్యాకిల్ పాయింట్ల పక్కన విజయశాతం తప్పక చూడాలి. సగానికి మించి పట్లు ఫలిస్తే అది మంచి రక్షణే.

సూపర్ ట్యాకిల్ సంగతి వేరు. లోపల ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది ఉన్నప్పుడు రైడర్‌ను పడితే రెండు పాయింట్లు వస్తాయి. అవి ఎక్కువగా ఉన్న జట్టును చూసి మురిసిపోయే ముందు, ఆ జట్టు అంతసేపు ముగ్గురితోనే ఎందుకు ఆడవలసి వచ్చిందని అడగాలి.

పట్టుకు ఉన్న అసలు విలువ పాయింటు రూపంలో కన్నా కాల రూపంలో ఉంటుంది. ప్రధాన రైడర్ పట్టుబడితే, అతడి సహచరులు పాయింటు తెచ్చి లేపేవరకు బయటే కూర్చుంటాడు. ఆ వ్యవధిలో రెండో రైడర్, మూడో రైడర్ కూతకు వెళ్లాలి. ఒక్క ఆటగాడిపైనే ఆధారపడిన జట్టు అక్కడే కుప్పకూలుతుంది. పదో సీజన్ టైటాన్స్‌ను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. పవన్ లోపల ఉన్నప్పటి జట్టు ఒకటి, బయట ఉన్నప్పటి జట్టు మరొకటి. ప్రధాన రైడర్ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు బయట గడిపాడన్న అంకె దొరికితే, మిగిలిన పట్టికలలో సగం అవసరముండదు.

ఇరు జట్ల ముఖాముఖి చరిత్ర 2017 జులై 28న హైదరాబాద్‌లో మొదలైంది. కొత్తగా లీగ్‌లోకి వచ్చిన తలైవాస్‌ను టైటాన్స్ 32–27తో ఓడించింది. టైటాన్స్ దాడికి అప్పట్లో రాహుల్ చౌదరే ఆధారం. రెండేళ్ల తర్వాత అదే రాహుల్ తలైవాస్ తరఫున హైదరాబాద్‌లో బరిలోకి దిగి, పాత జట్టుపై 39–26 విజయంలో పాలుపంచుకున్నాడు. ఆ విజయాన్ని చూసి తలైవాస్‌కు ఏడో సీజన్ కలిసివస్తుందనుకుంటే పొరపాటే. ఆఖరి స్థానం వారిదేనని పైన చూశాం. 2024లో మరో ఉదాహరణ దొరుకుతుంది. అక్టోబరు 18న హైదరాబాద్‌లో బెంగళూరు బుల్స్‌ను 37–29తో ఓడించిన టైటాన్స్, మరునాడు అదే మైదానంలో తలైవాస్ చేతిలో 29–44తో చిత్తయింది. ఒక్క రాత్రిలో జట్టు మారలేదు, ఎదుట నిలిచిన రక్షణ మారింది. ముందురోజు మ్యాచ్ అంకెలను తెచ్చి మర్నాటి ప్రత్యర్థికి అతికించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

మరి దాడి గెలిపిస్తుందా, రక్షణ గెలిపిస్తుందా? లీగ్ ఫైనళ్లు ఒకే సమాధానం చెప్పవు. అయిదో సీజన్‌లో ఫజల్ అత్రాచలి, అబోజర్ మిఘానీలతో పటిష్ఠంగా కనిపించిన గుజరాత్ రక్షణను పట్నా పైరేట్స్ రైడర్ పర్‌దీప్ నర్వాల్ ఫైనల్లో ఛేదించాడు. పట్నా 55–38తో నెగ్గింది. పర్‌దీప్ ఆ ఒక్క సీజన్‌లోనే 369 రైడ్ పాయింట్లు కూడబెట్టాడు. ఆరో సీజన్ ఫైనల్లోనూ ఓడింది గుజరాతే. బెంగళూరుకు ఆడుతున్న పవన్ సెహ్రావత్ 22 పాయింట్లు తేవడంతో 38–33 తేడాతో కప్పు చేజారింది. ఎనిమిదో సీజన్‌లో పట్నా బలం ఇరాన్ ఆటగాడు మహమ్మద్ రెజా షాద్లూయి నాయకత్వం వహించిన రక్షణ పంక్తి. దబంగ్ ఢిల్లీ దాడి ముందు అది ఒకే ఒక్క పాయింటుతో, 36–37తో తలవంచింది.

తర్వాత గాలి మళ్లింది. పదో సీజన్‌లో 99 ట్యాకిల్ పాయింట్లతో షాద్లూయి అగ్రస్థానంలో నిలవగా, అతడి జట్టు పుణేరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి విజేతగా నిలిచింది. మొత్తం 53 పాయింట్లే నమోదైన ఫైనల్ అది. పర్‌దీప్ ఫైనల్లో పట్నా ఒక్కటే సాధించిన 55 కన్నా తక్కువ. పదకొండో సీజన్‌లో పట్నాకు దేవాంక్ దలాల్ 301, అయాన్ లోహ్‌చబ్ 184 రైడ్ పాయింట్లు తెచ్చారు. ఒకే జట్టులో అంతటి జోడీ అరుదు. షాద్లూయి అప్పటికి హర్యానాకు మారాడు. 2024 డిసెంబరు 29న పుణెలో జరిగిన ఫైనల్లో ఆ జట్టు పట్నాను 23 పాయింట్లకే కట్టడి చేసి, 32 పాయింట్లతో కప్పు గెలిచింది. అసాధారణ రైడర్ ఒక్కడు ఒక్క రోజు ఏ రక్షణనైనా చీల్చగలడు. సీజన్ పొడవునా జట్టును నిలబెట్టేది మాత్రం పట్టే. దక్షిణాది పోరు ఒక్క రోజు వ్యవహారం కాబట్టే అంచనా వేయడం కష్టం.

టైటాన్స్ విషయానికి వస్తే, పదకొండో సీజన్ నుంచి కోచ్ క్రిషన్ కుమార్ హుడా పర్యవేక్షణలో జట్టు స్వరూపం మారింది. ఆ సీజన్‌లో 12 విజయాలు సాధించి ఏడో స్థానంతో ప్లేఆఫ్స్‌కు అడుగు దూరంలో ఆగింది. మూడు సీజన్లలో కలిపి అయిదు మ్యాచ్‌లే నెగ్గిన జట్టుకు అది పెద్ద మలుపు. పన్నెండో సీజన్‌లో విజయ్ మలిక్ సారథ్యంలో రెండో క్వాలిఫయర్ వరకు వెళ్లి, ఢిల్లీలో పుణేరి పల్టన్ చేతిలో 45–50తో ఓడింది. ఆ మ్యాచ్‌లో భరత్ హుడా 23 పాయింట్లు సాధించాడు. నలభై అయిదు పాయింట్లు చాలా మ్యాచ్‌లలో గెలుపుకు సరిపోతాయి. యాభై ఇచ్చుకున్న రోజున సరిపోవు. తలైవాస్‌తో తర్వాతి పోరుకు ముందు టైటాన్స్ శిబిరంలో ఆలోచించవలసిన అంకె ఆ యాభైయే.

పోల్చవలసిన పద్ధతి ఇక సులభం. టైటాన్స్ రైడ్లను తలైవాస్ రైడ్లతో కాక, తలైవాస్ పట్లతో తూచాలి. తలైవాస్ రైడ్లను టైటాన్స్ పట్లతో తూచాలి. రైడర్ ఏ పక్కకు ఎక్కువగా వెళ్తాడు, ఆ పక్క మూలలో నిలిచే డిఫెండర్ ఎవరు, అతడి విజయశాతమెంత అన్నవి వరుసగా చూడాలి. మూల డిఫెండర్ కాలు పట్టేవాడా, కవర్ డిఫెండర్ గుద్ది బయటికి నెట్టేవాడా అన్న తేడా రైడర్ శైలితో కలిపి చదివితేనే అర్థవంతం. వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే మూడోది చావో రేవో రైడ్. అందులో పాయింటు తేకపోతే రైడర్ బయటికి వెళ్లాల్సిందే. గట్టి రక్షణ ఉన్న జట్లు ప్రత్యర్థిని కావాలనే అక్కడిదాకా నెట్టుతాయి. కాబట్టి చావో రేవో రైడ్లలో ఎవరి విజయశాతమెంతో విడిగా చూడాలి. సీజన్ల మధ్య మొత్తాలను పోల్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. పదకొండో సీజన్ వరకు లీగ్ దశలో ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు ఉండగా పన్నెండో సీజన్‌లో అవి 18కి తగ్గాయి.

ఇంతటి గణాంక సంపద ప్రసారం ఉన్న లీగ్‌కే పరిమితం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, రైల్వే కొలువుల కోసం వెళ్లి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చెడుగుడు అన్న పాత పేరును మరచిపోలేదు. అయితే ఆ నగర పరిసరాల్లో, బెల్తరా వంటి ఊళ్లలో జరిగే పోటీలకు రైడర్ విజయశాతం ఎవరూ ప్రచురించరు. స్కోరు పత్రంలో జట్టు మొత్తం, బోనస్, లోనా వివరాలు మిగులుతాయి. ఆ ప్రాంతంలో ప్రతిభకు మాత్రం కొదవ లేదు. బిలాస్‌పూర్‌లోని బహతరాయి బాలికల కబడ్డీ అకాడమీలో శిక్షణ పొందిన కోర్బా జిల్లా రైడర్ సంజు దేవి, 2025 నవంబరు 24న ఢాకాలో మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో చైనీస్ తైపీని 35–28తో ఓడించిన భారత జట్టులో సభ్యురాలు.

అటువంటి మైదానాలలో కోచ్‌కు ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి కూతకూ ఒక గీత గీసి, దాని ఎదురుగా ఎవరు వెళ్లారు, తాకి తెచ్చారా, బోనస్ తెచ్చారా, ఖాళీగా వచ్చారా, పట్టుబడ్డారా అని రాసుకోవాలి. పట్టు పట్టిన ప్రతిసారీ మొదట కదిలింది ఎవరో గుర్తించాలి, ఎందుకంటే విఫలమైన పట్టుకు స్కోరు పత్రంలో చోటు లేదు. ఎదుటి లోపలి ఆటగాళ్ల సంఖ్యను పక్కన వేస్తే, బోనస్‌కు అవకాశం ఉన్న రైడ్లు, లేని రైడ్లు విడిపోతాయి. మూడు మ్యాచ్‌లకు ఇలా రాస్తే ఒక్కో జట్టుకు నూట ఇరవై రైడ్ల సమాచారం చేతికొస్తుంది. జట్టు మొత్తాన్ని అంచనా వేయడానికి అది పనికివస్తుంది. ఒక్కో ఆటగాడికి విడదీస్తే ప్రధాన రైడర్‌కు నలభై, యాభై, మూల డిఫెండర్‌కు పది, పదిహేను ప్రయత్నాలకు మించవు. పదిహేను పట్లలో ఎనిమిది ఫలించిన డిఫెండర్‌కు, ఆరు ఫలించిన డిఫెండర్‌కు మధ్య తేడా రెండు పట్లే. అంత చిన్న తేడాను ఆధారం చేసుకుని మొదటి ఏడుగురిని మార్చే ముందు మరో రెండు మ్యాచ్‌లు రాసి చూడటం మేలు.