1942: విశాఖ బాంబులు, దుఖాన్ బావులు

ఆ మధ్య ఒక శుక్రవారం నాలుగైదు కుటుంబాలవాళ్లం కలిసి దుఖాన్ తీరానికి వెళ్లాం. దోహాకు పడమరగా సుమారు 80 కిలోమీటర్లు. పులిహోర పొట్లాలు విప్పుకొని కూర్చున్నామో లేదో, బడిలో రెండవ ప్రపంచయుద్ధం పాఠం నడుస్తున్న మా అబ్బాయి, "నాన్నా, ఆ యుద్ధం ఇక్కడికి కూడా వచ్చిందా?" అని అడిగాడు. "ఇక్కడికేం వస్తుందిరా, ఎడారి!" అనేశాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే నా జవాబు తప్పని తేలింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

యుద్ధం మలుపు తిరిగింది ఎక్కడ అంటే మిడ్‌వే, ఎల్ అలమీన్, స్టాలిన్‌గ్రాడ్ అని అందరూ చెబుతారు. మూడూ 1942 జూను, 1943 ఫిబ్రవరి నడుమ జరిగినవే. మూడింటి వెనుకా పెట్రోలు ఉన్నది. కానీ ఆ కథ మన వైపు నుంచి చూడాలంటే ఇంకొంచెం ముందు నుంచి మొదలుపెట్టాలి.

1941 వేసవిలో అమెరికా జపానుకు చమురు ఆపేసింది. డచ్చివారి ఈస్టిండీస్ దీవుల్లోని బావులను చేజిక్కించుకుంటే తప్ప జపాను ఓడలు కదలవు. పెర్ల్ హార్బర్ దాడి ఆ దారికి అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా చేసిన ఏర్పాటు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయాయి. రంగూనులో మన కోస్తా కూలీలకు, చిరు వ్యాపారులకు 'కోరంగీలు' అని పేరు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లారు గనుక. పొట్టకూటికి సముద్రం దాటడం మనతో మొదలు కాలేదు. లక్షలాది భారతీయులు అడవుల గుండా కాలినడకన అస్సాము వైపు తిరిగివచ్చారు. దారిలో పోయినవారు వేలల్లో ఉన్నారు.

ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే గాని విశాఖలో జనం బండ్లు కట్టుకొని పల్లెలకు పరుగెత్తారు. మా మామ్మ ఏ సంగతికైనా "బాంబులు పడ్డ యేడు" నుంచే లెక్క చెప్పేది. మనవైపు విమానాలను పంపినది ర్యూజో అనే విమానవాహక నౌక. కొలంబోకు పంపినవాటిలో అకాగి, సోర్యు, హిర్యు ఉన్నాయి. రెండు నెలలు తిరిగాయో లేదో, జూనులో మిడ్‌వే దగ్గర ఆ మూడూ, వాటితో కాగా అనే నాలుగోదీ మునిగాయి. ర్యూజో ఆగస్టు 24న సోలొమన్ దీవుల దగ్గర మునిగింది. మామ్మ బతికుండగా ఈ ముక్క నాకు తెలియలేదు. చెప్పి ఉంటే ఒక కొబ్బరికాయ కొట్టించేది.

ఇక ఖతర్. 1930 నాటి మాంద్యం, జపానులో పెంచిన ముత్యాలు కలిసి ఇక్కడి ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ 1935 మే 17న చమురు ఒప్పందం మీద సంతకం చేశారు. అప్పుడు ముట్టినది 4 లక్షల రూపాయలు. అవును, రూపాయలే. ఇక్కడ చెలామణీ అయినది మన నాణెమే. 1938 అక్టోబరులో దుఖాన్‌లో తవ్వకం మొదలైంది, 1939-40 శీతకాలంలో చమురు పడింది. ఊపిరి పీల్చుకునే వేళకు యుద్ధం వచ్చిపడింది.

1940 అక్టోబరు 19న ఇటలీ విమానాలు పక్కనున్న బహ్రెయిన్ శుద్ధి కర్మాగారం మీద బాంబులు వేశాయి. నష్టం స్వల్పం, భయం మాత్రం పెద్దది. 1942 జూను 21న టోబ్రుక్ పడింది. జూలైకి రోమెల్ ఎల్ అలమీన్‌కు, అంటే అలెగ్జాండ్రియాకు నూరు కిలోమీటర్ల దగ్గరకు వచ్చాడు. జూను 28న హిట్లర్ సేనలు కాకసస్ చమురు కోసం బయలుదేరాయి. ఆగస్టు 9న మైకోప్ వారి చేతికి చిక్కింది గాని, రష్యనులు బావులను ముందే పాడుచేసిపోయారు. అదే ఏడాది దుఖాన్ బావులనూ మూసేశారు. శత్రువుకు దక్కకూడదన్న భయం ఒకటి, ఉక్కు, యంత్రాలు యుద్ధానికి కావలసి రావడం మరొకటి.

భయం ఆనాటికి న్యాయమైనదే అనుకుంటాను. కానీ నవంబరుకల్లా రోమెల్ వెనక్కి పరుగెత్తాడు, చమురు తెచ్చే ఓడలు మునిగి అతని టాంకులకు పెట్రోలు కరువైంది. అక్కడ పోరాడిన 4వ ఇండియన్ డివిజన్‌లో మద్రాసు సాపర్లు కూడా ఉన్నారు. 1943 ఫిబ్రవరి 2న స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మనులు లొంగిపోయారు. ప్రమాదం తప్పింది. బావులు మాత్రం తెరవలేదు! పనులు మళ్లీ మొదలైనది 1947లో.

ఆ మధ్య కాలమే ఇక్కడి పెద్దలు ఆకలి ఏళ్లుగా చెప్పుకునేది. బియ్యం, బట్ట, పంచదార ఇండియా నుంచి రావాలి. బర్మా బియ్యం ఆగిపోయి మనకే లేదు. 1943లో బెంగాలులో లక్షలాది మంది ఆకలితో పోయారు. ఖతర్‌వారు కుటుంబాలతో బహ్రెయిన్‌కు, సౌదీ తీరానికి వలసపోయారు. 1907 ప్రాంతంలో 27,000 అని లెక్కకట్టిన జనం 1949 నాటికి సుమారు 16,000కు దిగిందని అంచనా. పని వెతుక్కుంటూ మనం వచ్చిన ఈ దేశం నుంచే ఒకప్పుడు పని వెతుక్కుంటూ జనం వెళ్లిపోయారంటే మా అబ్బాయి నమ్మడం లేదు.

1949 డిసెంబరు 31న ఉమ్ సయీద్ రేవు నుంచి మొదటి చమురు ఓడ కదిలింది. ఒప్పందం మీద సంతకం పెట్టిన షేక్ అబ్దుల్లా అంతకు నాలుగు నెలల ముందే, ఆగస్టులో, గద్దె దిగి కుమారుడు షేక్ అలీకి అప్పగించారు.